అభ్యంగన చరిత్ర: దేహము, మనస్సు, చేయి

తలంటు, నలుగు, కాళ్లొత్తుట అను తెలుగు మాటలు మూడును మర్దనమునకు సంబంధించినవే యైనను వాని ప్రయోజనములు వేరు. తలంటు పర్వదిన స్నానాంగము. నలుగు పెండ్లి వేడుక. కాళ్లొత్తుట బడలిక తీర్చు సేవ. ఆచార మొక్కటియే యైనను దానికి చెప్పబడిన ఫలము కాలమును బట్టి, స్థానమును బట్టి మారుచు వచ్చినది.

చరకసంహిత సూత్రస్థానము ఐదవ అధ్యాయమున నూనె రాచిన కుండ, తోలు, బండి యిరుసు దృష్టాంతములుగా చెప్పబడినవి. ఇరుసునకు కందెన యెట్లో దేహమునకు అభ్యంగన మట్లని తాత్పర్యము. వాగ్భటుడు అష్టాంగహృదయమున దీనిని నిత్యవిధిగా పేర్కొని, పుష్టితోపాటు సునిద్రను ఫలముగా చెప్పెను. అజీర్ణమున కూడదనియు నిషేధించెను. కావున మనశ్శాంతికిని మర్దనమునకును గల సంబంధము నేటివారి కల్పన కాదు.

నేటి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములు పండ్రెండవ శతాబ్ది తొలిభాగమున కల్యాణి చాళుక్యుల యేలుబడిలోనివి. ఆ వంశపు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున అభ్యంగనము స్నానభోగమున చేరినది. వైద్యులకు దినచర్య యైనది రాజునకు భోగమైనది. ఆ గ్రంథమునకు లక్ష్యము రాజే కాని గ్రామస్థుడు కాడు.

మర్దించువాని మాట సాహిత్యమున అరుదు. శూద్రకుని మృచ్ఛకటికమున సంవాహకుడు కళగా నేర్చిన విద్యను పొట్టకూటికై వినియోగించి, తుదకు భిక్షువగును. తెలుగునాట మంగలివృత్తివారును, చాచిన కాళ్లపై పసిబిడ్డను పరుండబెట్టి నూనె రాచు అవ్వలును గ్రంథాధారము లేకయే యీ విద్యను నిలిపిరి.

అవ్వలెరిగిన దానిని ఆధునికులు పరీక్షకు పెట్టిరి. 1986లో టిఫనీ ఫీల్డ్ బృందము నెలలు నిండక పుట్టిన 40 మంది శిశువులను పరిశీలించెను. వారిలో సగము మందిని పది దినములు, దినమునకు మూడు మారులు, పదునైదేసి నిమిషములు నిమిరి, అవయవములను మెల్లగా కదలించిరి. వారి దినసరి బరువు పెరుగుదల తక్కినవారికంటె 47 శాతము అధికమైనది. అయినను 2004 నాటి కాక్రేన్ సమీక్ష ఇట్టి పరిశోధనల పద్ధతులలో లోపములు కలవని హెచ్చరించినది. ఆచారమును గౌరవించుట వేరు, నిరూపించుట వేరు.

కామారెడ్డి 2016లో ప్రత్యేక జిల్లా యైనది; ఎల్లారెడ్డి అందొక రెవెన్యూ డివిజను. ఈ సీమ వృత్తిపదములను సేకరించు పరిశోధకులు పంటలు, పనిముట్లతోపాటు అవ్వల మర్దనమునకు చెందిన మాటలను, నూనెల పేర్లను, ఒత్తిడిలోని తరతమములను వ్రాసికొనవలెను. గ్రంథములు మర్దనము పొందిన దేహమునే వర్ణించినవి. మర్దించిన చేతి తెలివి మాటలలోనే మిగిలినది. అడుగువారు లేనినాడు అదియు మిగులదు.