వదినగారికిచ్చిన మాట

ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ అనగానే షేక్స్‌పియర్ నాటకం చదివినవాళ్ళకి గూని వీపు, ఎండిపోయిన చెయ్యి, అన్నగారి పిల్లల్ని చంపించిన పాపిష్టి మొహం గుర్తొస్తాయి. ఆ నాటకం వచ్చేనాటికి సింహాసనమ్మీద ఉన్న మొదటి ఎలిజబెత్, రిచర్డ్‌ని యుద్ధంలో ఓడించి రాజ్యం తీసుకున్న ఏడో హెన్రీకి స్వయానా మనవరాలు. రాణిగారి తాతకి శత్రువైనవాణ్ణి అందగాడని రాస్తారుటండీ ఎవరైనా!

2012లో లెస్టర్ పట్టణంలో కార్లు నిలిపే స్థలం తవ్వితే ఆయన అస్థిపంజరం దొరికింది. అక్కగారి సంతతివాళ్ళ డి.ఎన్.ఏ.తో పోల్చి ఆయనేనని తేల్చారు. వెన్నెముక పక్కకి వంకర తిరిగిన మాట నిజమే గానీ గూనీ లేదు, చెయ్యీ ఎండలేదు. పైగా 1484లో, అనుమానమ్మీద పట్టుకున్నవాళ్ళకి జామీను ఇవ్వొచ్చనీ, నేరం రుజువు కాకుండా వాళ్ళ సొత్తు లాక్కోకూడదనీ చట్టం చేసిన రాజు.

ఇంతవరకూ నేను ఆయన పక్షమే. చిక్కల్లా ఆ పిల్లల దగ్గరే.

1483 ఏప్రిల్‌లో అన్నగారు నాలుగో ఎడ్వర్డ్ పోయాడు. పెద్దకొడుక్కి 12 ఏళ్ళు, చిన్నవాడికి 9. సంరక్షకుడుగా వచ్చిన పినతండ్రి, అన్నగారి పెళ్ళే చెల్లదని జులైలో తనే కిరీటం పెట్టుకున్నాడు. లండన్ టవర్ కోటలో ఉంచిన పిల్లలిద్దరూ ఆ వేసవి తరవాత ఎవరికీ కనపడలేదు. తల్లి ఎలిజబెత్ వుడ్‌విల్ అప్పటికే వెస్ట్‌మినిస్టర్ మఠంలో తలదాచుకుంది. చిన్నవాణ్ణి అక్కణ్ణించే తీసుకుపోయారు.

1484 మార్చిలో ఆమె కూతుళ్ళని రాజు చేతికి అప్పగించింది. కొడుకుల్ని చంపినవాడి దగ్గరికి ఏ తల్లయినా ఆడపిల్లల్ని పంపుతుందా అంటారు రిచర్డ్ అభిమానులు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆమె మొదటి పెళ్ళి కొడుకు రిచర్డ్ గ్రేనీ, తమ్ముడు ఆంథొనీనీ 1483 జూన్‌లో చంపించింది ఈ మరిదిగారే. అందులో వాదం లేదు. అది తెలిసీ పంపింది కదా! అయిదుగురు ఆడపిల్లలతో ఎన్నాళ్ళని మఠంలో కూచుంటుంది?

ఊరికే మాత్రం పంపలేదు. వాళ్ళ ప్రాణానికి హాని రానివ్వననీ, తగిన సంబంధాలు చూసి పెళ్ళిళ్ళు చేస్తాననీ ప్రభువుల ముందు, లండన్ మేయరు ముందు రిచర్డ్ ప్రమాణం చేశాకే పంపింది. ఏ చెరలోనూ పెట్టనన్నాడు. అంతటితో ఆగలేదు, టవర్‌లో పెట్టనని ఆ కోట పేరు ఎత్తి మరీ ఒట్టు పెట్టాడు. ఆ ఒక్క పేరు చాలు నాకు, ఆ తల్లి ఏమనుకుందో తెలియడానికి.