దండులో చర్చి, పేటలో మిషన్

బెంగళూరు ఎం.జి. రోడ్డును తెల్లవాళ్ల కాలంలో సౌత్ పరేడ్ అనేవారు. తూర్పు కొసన హోలీ ట్రినిటీ చర్చి, పడమటి కొస దగ్గర సెయింట్ మార్క్స్, రోడ్డు వారనే సైన్యం కవాతు చేసే మైదానం. ఆ వరస చూస్తే చాలు, దండులో, అంటే కంటోన్మెంటులో, దేవుడికి చోటు కేటాయించింది ఎవరో తెలిసిపోతుంది.

1799లో టిప్పు పడిపోయాక ఈస్టిండియా కంపెనీ సైన్యం శ్రీరంగపట్నంలో దిగింది. అక్కడి జ్వరాలకు తాళలేక 1809లో బెంగళూరుకు మారి, హలసూరు పక్కన దండు వేసుకుంది. సెయింట్ మార్క్స్ పని అంతకు ఏడాది ముందే మొదలైంది. 1812లో పూర్తయింది, 1816లో కలకత్తా బిషప్ వచ్చి ప్రతిష్ఠ చేశాడు. అక్కడి పాదిరీ చాప్లిన్, అంటే సిపాయి దళంలో డాక్టరులాగా సర్కారు జీతగాడు. ఆయన పని తెల్ల సైనికుల పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, సమాధులు. పాత ఊరైన పేటలోని కన్నడిగుల, తెలుగువారి ఆత్మల సంగతి ఆయన ఉద్యోగంలో లేదు. 1865లో బిషప్ కాటన్ స్కూలు పెట్టిన పెట్టిగ్రూ కూడా సెయింట్ మార్క్స్ చాప్లినే. ఆ బడి యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లల కోసం.

మిషనరీల కథ వేరు. కంపెనీకి మొదట్లో వీళ్లంటే గిట్టేది కాదు. మతం జోలికి పోతే వ్యాపారం చెడుతుందన్న లెక్క. 1806 వేలూరు తిరుగుబాటు తర్వాత ఆ భయం ఇంకా ముదిరింది. 1813 చార్టర్ చట్టం వచ్చాకే తలుపు పూర్తిగా తెరుచుకుంది. అయినా లండన్ మిషన్ వాళ్లు 1805లోనే విశాఖపట్నం చేరి తెలుగులోకి సువార్తలు తర్జుమా చేయడం మొదలుపెట్టారు, 1810లో బళ్లారి చేరారు. బెంగళూరులో అడుగుపెట్టింది మాత్రం 1820లో. మరుసటి ఏడాది వెస్లియన్లు వచ్చారు.

వీళ్లందరికన్నా ముందు ఈ సీమలో తిరిగినవాడు ఫ్రెంచి పాదిరీ దుబ్వా. దేశీ వేషం, శాకాహారం, ‘దొడ్డ స్వామి’ అని జనం పిలుపు. ఇప్పటి శివాజీనగర్ సెయింట్ మేరీస్ చర్చి మూలం కూడా ఆయన దగ్గరికే చేరుతుంది. హిందువుల ఆచార వ్యవహారాల మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1807లో కంపెనీ రెండువేల స్టార్ పగోడాలకు కొనుక్కుంది. పాలించేవాడికి పాలితుల గుట్టు కావాలి మరి. విచిత్రం ఏమిటంటే, ముప్పై ఏళ్లు ఇక్కడ గడిపిన దుబ్వా 1823లో ఈ దేశంలో మతాంతరీకరణ జరిగే పని కాదని తేల్చి పుస్తకం అచ్చువేశాడు. ప్రొటెస్టెంటు మిషనరీలు మండిపడి జవాబులు రాశారు.

1831లో మైసూరు పాలన కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాతి యాభై ఏళ్లలోనే పేటలో మిషన్ బలంగా పాదుకుంది. 1854 తర్వాత మిషన్ బడులకు సర్కారు గ్రాంటు దొరికే దారి కూడా పడింది. సర్కారు చేయి పట్టుకోకుండా నడిచామని మిషన్ చెప్పుకోలేదు.

అయినా జాన్ గ్యారెట్‌ను ఏ గూటిలో పెట్టాలి? వెస్లియన్ మిషనరీగా వచ్చాడు. 1840లో మొదలైన మిషన్ ప్రెస్ నడిపాడు. ఆ ప్రెస్‌లోనే 1849లో సంస్కృతం, కన్నడం, ఇంగ్లీషు మూడింటిలో భగవద్గీత అచ్చువేశాడు! తర్వాత మిషన్ వదిలి సర్కారు కొలువులో చేరాడు. 1858లో ఆయన చేతుల మీదుగా మొదలైన బెంగళూరు హైస్కూలే తరువాతి సెంట్రల్ కాలేజీ. మైసూరు విద్యాశాఖకు అధిపతి కూడా అయ్యాడు.

ఆ బడి బాధ్యత తరువాత చేపట్టిన లూయిస్ రైస్ కూడా మిషన్ ఇంటి బిడ్డే. తండ్రి బెంజమిన్ రైస్ లండన్ మిషన్ పాదిరీ, కొడుకు 1837లో బెంగళూరులోనే పుట్టాడు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఊళ్లు తిరుగుతూ శాసనాల మీద మోజుపడి, వేల శాసనాలను ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ సంపుటాల్లో అచ్చుకెక్కించాడు. ఈ రోజుకీ గంగులు, హొయసలుల చరిత్ర రాసేవారు ఆ సంపుటాలు తిరగేయక తప్పదు. బెంజమిన్ పేరిట అవెన్యూ రోడ్డులో చర్చి ఉంది, దుకాణాల మధ్య ఇరుక్కుని. పుస్తకాలు కొనడానికి అక్కడికి వెళ్లే జనంలో దాన్ని తలెత్తి చూసేవారు తక్కువ.

దండు చర్చిని సామ్రాజ్యం ఖాతాలో నిస్సందేహంగా రాయవచ్చు. పేట మిషన్‌ను అదే ఖాతాలో వేసి మూసేస్తే గ్యారెట్ గీత, రైస్ శాసనాలు మిగిలిపోతాయి. బొత్తిగా వేరు ఖాతా తెరిస్తే ఆ గ్రాంట్ల సొమ్ము లెక్క తేలదు.

1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరువారాలకు, ఆంగ్లికన్, మెథడిస్టు, లండన్ మిషన్ సంఘాలు చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో కలిసిపోయాయి. దండు సెయింట్ మార్క్స్, పేట రైస్ చర్చి ఒకే గొడుగు కిందికి వచ్చాయి. దండు, పేట మునిసిపాలిటీలు ఒకే కార్పొరేషన్ కావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.