వెనక్కి వేసే అడుగు

రావులపాలెం దగ్గర గౌతమి ఏటిగట్టు మీద పొద్దున్నే నడిచేవాళ్ళలో ఇప్పుడు ఆడవాళ్ళూ కనిపిస్తున్నారు. మోకాళ్ళ నొప్పి వచ్చాక నేనూ నడుస్తున్నాను. నడకతో పాటు తైచీ కూడా చెయ్యమని ఫిజియోథెరపిస్టు చెప్పినప్పుడు నవ్వొచ్చింది. అరటి గెలల లారీల మధ్య చైనా వ్యాయామమా! నేర్చుకోవడం మొదలుపెట్టాక మాత్రం ఒక కదలిక దగ్గర ఆగిపోయాను. మోకాళ్ళు కొద్దిగా వంచి, బరువంతా ఒక కాలి మీదికి తెచ్చుకుని, తేలికైన రెండో కాలిని మెల్లగా వెనక్కి వెయ్యాలి. ఇది నాకు తెలిసిన అడుగే. దమ్ము చేసిన చేలో నారు నాటుతూ, వెనక్కి వెనక్కి జరుగుతూ మా ఆడవాళ్ళు వేసే అడుగు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాలో వరి పెరిగింది, వరితో పాటు ఊడ్పులూ పెరిగాయి. నేను చదువుకున్న చరిత్రలో కాటన్ దొర ఉన్నాడు, ఊడ్పు లేదు.

మరో నాలుగేళ్ళకి, 1856లో, అమలాపురంలో అబ్బిరెడ్డి రామదాసు చెడీ తాలింఖానా మొదలుపెట్టారని కోనసీమలో చెప్పుకుంటారు. దసరాకి ఇప్పటికీ ఆ వీధుల్లో కర్రసాము, కత్తిసాము చూడొచ్చు. కళ్ళకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి ఒంటి మీద పెట్టిన కాయను కత్తితో కోస్తారు. ఊపిరి చెదరకూడదు, పాదం కదలకూడదు. అదే సాధన మగవాడు చేస్తే విద్య అయింది. దానికి గురువున్నాడు, పండగుంది. పొద్దస్తమానం బురదలో పాదం కుదుర్చుకున్న ఆడదానికి దక్కింది కూలి, నడుంనొప్పి.

చైనా కథ వేరేమీ కాదు. హెనాన్ ప్రాంతంలోని ఛెన్ వంశం వాళ్ళ ఊళ్ళో 17వ శతాబ్దంలో తైచీ రూపుదిద్దుకునే నాటికి ఆ దేశంలో ఆడపిల్లల పాదాలు కట్టేసేవారు. ఒక కాలి మీద నిలబడే విద్య ఒకరికి, నిలబడనివ్వని పాదాలు మరొకరికి. ఆ కట్లు విప్పుకుని కత్తిసాము నేర్చిన కవయిత్రి ఛియూ చిన్, షావోషింగ్‌లోని దాతుంగ్ పాఠశాలను నడుపుతూ విప్లవకారులకు శిక్షణ ఇచ్చింది. 1907లో ప్రభుత్వం ఆమె తల నరికించింది.

1956లో చైనా క్రీడాసంఘం తైచీని 24 కదలికలకు కుదించి అందరికీ నేర్పడం మొదలుపెట్టింది. మన తాలింఖానాకి సరిగ్గా నూరేళ్ళు! ఊపిరి మీద నడిచే చీగాంగ్ కూడా ఆ దశాబ్దంలోనే ఆరోగ్యకేంద్రాల్లోకి వచ్చింది.

ఆటలకి వీటివల్ల లాభం మంత్రమేమీ కాదు. మెల్లగా చేసినప్పుడు బరువు ఎక్కడుందో ఒంటికి తెలుస్తుంది. చీలమండ, తుంటి గట్టిపడతాయి, పడిపోతామన్న భయం తగ్గుతుంది. పార్కిన్సన్స్ ఉన్న 195 మందితో చేసిన అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది. ఆరు నెలల తైచీతో వాళ్ళ నిలకడ మెరుగై, పడిపోవడం తగ్గింది. పరుగుకి, బరువులెత్తడానికి ఇది బదులు కాదు. మోకాలు బొటనవేలు దాటి ముందుకి పోతే నొప్పి ఎక్కువవుతుంది కూడా, అది నేను అనుభవించి చెబుతున్నాను.

ఊపిరి సంగతికొస్తే మనకి చెడుగుడు ఉంది. కూత తెగకుండా అవతలి బరిలోకి వెళ్ళి రావడం కంటే ఊపిరి సాధన ఏముంటుంది? చిన్నప్పుడు మాకు మాత్రం చెమ్మచెక్క, ఒప్పులకుప్ప. పెద్దమనిషయ్యాక అవీ లేవు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ, వుషు రెండూ తొలిసారి పతకాల ఆటలయ్యాయి. వుషులో స్త్రీల తైచీ పోటీ అప్పుడే ఉంది. కబడ్డీలో స్త్రీల జట్లు దిగడానికి 2010 గ్వాంగ్‌జౌ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాదే మన అమ్మాయిలు స్వర్ణం తెచ్చారు. ఆ ఇరవై ఏళ్ళలో ఎంతమంది అమ్మాయిల కూత గొంతులోనే ఆగిపోయిందో!

ఊడ్పుని తైచీ అని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు. అడుగు ఒకటే కావచ్చు, కానీ తైచీలో వెన్ను నిటారుగా ఉంటుంది, వేగం నా ఇష్టం. చేలో వేగం పక్క వరసది, మేస్త్రీది.

మొన్న గట్టు మీద చేస్తుంటే గడ్డిమోపుతో వెళ్తున్న ఒకామె ఆగింది. "అదేటండీ అమ్మగారూ, మన ఊడ్పు లాగుందీ? నడుం వంచక్కర్లేకపోతే నేనూ సేత్తానండీ" అంది. రేపు రమ్మన్నాను. అరటితోటలో పనికి ఆరింటికల్లా ఉండాలట.