రాత్రంతా వాయించమన్న గొంతు: 'ఎట్ ఫిల్మోర్ ఈస్ట్' కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక అరుపుతో మొదలుపెడదాం.

1971 మార్చి, న్యూయార్క్. ఒక పాట మధ్యలో బ్యాండ్ మొత్తం ఆగిపోయింది. గిటారిస్ట్ ఒక్కడే వాయిస్తున్నాడు. అతనూ ఒక క్షణం ఆపాడు. హాలంతా నిశ్శబ్దం. ఆ చీకట్లోంచి ఎవరో ప్రేక్షకుడు గట్టిగా అరిచాడు, రాత్రంతా వాయించండి అని. ఆ అరుపు టేపులోకి ఎక్కింది, టేపులోంచి రికార్డులోకి వచ్చింది. మీరు ఇప్పుడు ఫోన్‌లో పెట్టుకున్నా వినిపిస్తుంది. పాట పేరు 'యూ డోంట్ లవ్ మీ', నిడివి 19 నిమిషాల పైనే.

మన పద్యనాటకాల్లో జనం వన్స్‌మోర్ అంటే పాడిన పద్యమే మళ్ళీ పాడమని. ఇక్కడ ఈ మనిషి అడిగింది వేరే. అయిపోనివ్వొద్దు అంటున్నాడు. ఆల్బమ్ పేరు 'ఎట్ ఫిల్మోర్ ఈస్ట్', వాయించింది ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్. దీన్ని విన్నవాళ్ళు యాభై ఏళ్ళకు పైగా వాదించుకుంటున్నది కూడా ఇదే విషయం మీద: ఇంత పొడుగ్గా వాయించడం అవసరమా?

ముందు బ్యాండ్ సంగతి. అమెరికా దక్షిణాన జార్జియా రాష్ట్రం, మేకన్ ఊరు. ఆరుగురు. డ్యువేన్ ఆల్‌మన్, డికీ బెట్స్ గిటార్లు. డ్యువేన్ తమ్ముడు గ్రెగ్ ఆర్గన్ వాయిస్తూ పాడతాడు. బెర్రీ ఓక్లీ బేస్. డ్రమ్మర్లు ఇద్దరు, బుచ్ ట్రక్స్, జేమో. వీళ్ళలో జేమో ఒక్కడే నల్లజాతి మనిషి. 1969లో జార్జియాలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి ఒకే బ్యాండ్‌లో ఉండడం, ఒకే వ్యాన్‌లో తిరగడం చిన్న విషయమేం కాదు. మైల్స్ డేవిస్, జాన్ కోల్ట్రేన్‌ల జాజ్‌ని మిగతావాళ్ళకి అలవాటు చేసింది కూడా జేమోనే. పాటలు అంత పొడుగు సాగడానికి మూలం అక్కడుంది.

మొదటి రెండు స్టూడియో ఆల్బమ్‌లు పెద్దగా అమ్ముడుపోలేదు. కానీ స్టేజీ మీద చూసినవాళ్ళు మాత్రం వదల్లేదు. స్టూడియోలో దొరకనిదేదో అక్కడుందని బ్యాండ్‌కీ అర్థమైంది. అందుకే లైవ్ ఆల్బమ్. ఫిల్మోర్ ఈస్ట్ అంటే మన్‌హాటన్‌లో బిల్ గ్రాహమ్ నడిపిన హాల్, సుమారు 2,600 సీట్లు. తమాషా ఏంటంటే, ఆ రోజుల పోస్టర్ మీద పెద్ద పేరు వీళ్ళది కాదు, జానీ వింటర్‌ది.

ప్రొడ్యూసర్ టామ్ డౌడ్. బీటెక్ బ్యాచ్‌కి ఈయన గురించి ఒక ముక్క చెప్పాలి. కుర్రాడిగా ఉన్నప్పుడు అణుబాంబు తయారుచేసిన మన్‌హాటన్ ప్రాజెక్ట్‌లో పనిచేశాడు. తర్వాత ఫిజిక్స్ వదిలేసి రికార్డింగ్‌లోకి వచ్చాడు. (కెరీర్ మార్చుకున్నందుకు ఇంట్లో తిట్లు తింటున్నవాళ్ళు ఈ పేరు వాడుకోండి, నేనూ వాడా.) షో అయ్యాక రాత్రికి రాత్రే బ్యాండ్‌ని స్టూడియోకి తీసుకెళ్ళి టేపులు వినిపించేవాడు. మొదటి రాత్రి బ్యాండ్ తమతో పాటు శాక్సఫోన్ వాళ్ళని స్టేజీ ఎక్కించింది. డౌడ్ అది విని, వీళ్ళని తీసేయమని డ్యువేన్‌కి చెప్పాడు. అంటే ఈ ఆల్బమ్ మీద మొట్టమొదటి కఠినమైన శ్రోత దాన్ని తయారుచేసినవాడే.

రికార్డ్ కంపెనీలో ఇంకో శ్రోత ఉన్నాడు, అట్లాంటిక్ సంస్థ పెద్దమనిషి జెర్రీ వెక్స్‌లర్. ఇంతలేసి పొడుగు వాయింపుల్ని అలాగే అచ్చేయడం ఆయనకి నచ్చలేదని మేనేజర్ ఫిల్ వాల్డెన్ తర్వాత చెప్పాడు. వాల్డెన్ పట్టు విడవలేదు. చివరికి 1971 జూలైలో రెండు డిస్కుల ఆల్బమ్ వచ్చింది. నాలుగు వైపులా కలిపి ఏడే పాటలు. ధర మామూలు డబుల్ ఆల్బమ్ కంటే తక్కువ పెట్టారు. జనం కొన్నారు. బిల్‌బోర్డ్‌లో 13వ స్థానం దాకా వెళ్ళింది.

విమర్శకులు మాత్రం ఒక్క మాట మీద లేరు. రాబర్ట్ క్రిస్ట్‌గావ్ అని అప్పట్లో రికార్డులకి పరీక్ష పేపర్లలా గ్రేడ్లు ఇచ్చే రచయిత. ఆయన దీనికి బి మైనస్ వేశాడు. ఆయన వాదన ఏంటంటే, గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్‌లో జెర్రీ గార్సియా పొడుగ్గా వాయిస్తే మనం అనుకోని చోటికి తీసుకెళ్తాడు, వీళ్ళ వాయింపు ఎటు వెళ్తుందో ముందే తెలిసిపోతుంది.

ఈ మాటని కొట్టిపారేయలేం. ఆఫీసులో ఒక పక్క కోడ్ రాసుకుంటూ ఇది పెట్టుకుంటే నిజంగానే అలాగే అనిపిస్తుంది, గోడ పక్కన ట్రైన్ వెళ్తున్నట్టు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వేరే పనేమీ లేకుండా 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్' వినండి. 13 నిమిషాలు, ఒక్క మాట కూడా పాడరు. బెట్స్ రాసిన ట్యూన్. అందులో రెండు గిటార్లు ఒకే రాగాన్ని జంటగా, కొంచెం ఎడంతో పలుకుతాయి. తర్వాత బెట్స్ ఒక్కడే తీసుకుంటాడు, తర్వాత ఆర్గన్, తర్వాత డ్యువేన్. డ్యువేన్ మెల్లగా మొదలుపెట్టి, ఒక్కో మెట్టు ఎక్కుతూ పోతాడు. పైకి వెళ్తున్నాడని మనకి తెలుసు, క్రిస్ట్‌గావ్ చెప్పింది కరెక్టే. కానీ ఎక్కడ ఆగుతాడో తెలీదు. నా ఓటు ఆ అరిచినవాడికే.

రెండో గొడవ ఎడిటింగ్ మీద. లైవ్ ఆల్బమ్ అంటే జరిగింది జరిగినట్టు ఉండాలని కదా మనం అనుకుంటాం. ఇందులో 'యూ డోంట్ లవ్ మీ' రెండు వేర్వేరు షోల టేపులు కోసి అతికించిన పాట. మన భాషలో చెప్పాలంటే రెండు బ్రాంచ్‌ల మెర్జ్, కాన్‌ఫ్లిక్ట్ ఎక్కడొచ్చిందో కనిపించదు. 'స్టార్మీ మండే'లో థామ్ డుసెట్ హార్మోనికా సోలో ఉండేది, డౌడ్ కత్తిరించేశాడు. తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన ఎడిషన్లలో ఆ ముక్క మళ్ళీ పెట్టారు. 2014లో ఆ షోలన్నీ ఆరు సీడీలుగా వచ్చాయి. ఇక పాత అభిమానులు రెండు వర్గాలు. కోసినదే మా ఆల్బమ్ అనేవాళ్ళు ఒకవైపు, కోయడం మోసం అనేవాళ్ళు ఒకవైపు. చరిత్ర కావాలంటే ఆరు సీడీలే సరి. వినడానికి నాకు డౌడ్ కత్తెరే ఇష్టం.

మూడో విషయం కొంచెం ఇబ్బందిది. 'స్టేట్స్‌బొరో బ్లూస్' 1928లో బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ అనే అంధ గాయకుడు రికార్డ్ చేసిన పాట. 'స్టార్మీ మండే' టి-బోన్ వాకర్‌ది. ఇద్దరూ నల్లజాతి కళాకారులు. డబ్బూ పేరూ ఎవరికొచ్చాయి అనే ప్రశ్న బ్లూస్ రాక్ మొత్తానికి ఉంది, ఈ ఆల్బమ్‌కీ ఉంది. చివరి పాట 'విప్పింగ్ పోస్ట్' గ్రెగ్ సొంత పాట. ఆ పేరుకి అర్థం, మనుషుల్ని కట్టేసి కొరడాతో కొట్టే స్తంభం. బానిసత్వం నడిచిన నేల మీద నిలబడి, ఒక తెల్లజాతి కుర్రాడు తన ప్రేమ బాధకి ఆ పోలిక తీసుకున్నాడు. పాట గొప్పదే. అయినా ఆ పేరు ఊరికే దాటిపోయే పేరు కాదు.

ఆ పాట స్టూడియోలో ఐదు నిమిషాలు, ఇక్కడ సుమారు 23. మొదట్లో బేస్ గిటార్ లెక్క వేసుకోండి: 3, 3, 3, 2. మొత్తం 11. అది పదకొండు అని రాసినప్పుడు తనకే తెలీదన్నాడు గ్రెగ్. మొదలయ్యే ముందు జనంలోంచి ఒకరు పాట పేరు అరుస్తారు, స్టేజీ మీద నుంచి సరిగ్గానే కనిపెట్టావని జవాబొస్తుంది. ఆ తర్వాత ఇది పెద్ద జోకైపోయింది. ఎవరి కచేరీ అయినా సరే వెళ్ళి 'విప్పింగ్ పోస్ట్' అని అరవడం. 1974లో హెల్సింకిలో ఫ్రాంక్ జాపా షోలో ఒకడు అరిస్తే, ఆయన బ్యాండ్‌కి ఆ పాట రాదు. ఆయన ఊరుకోలేదు. తర్వాత నేర్చుకుని వాయించాడు, 1984లో తన ఆల్బమ్‌లో కూడా పెట్టాడు.

ఇక మొదటి అరుపు దగ్గరికి. గ్రాహమ్ ఆ హాల్‌ని 1971 జూన్ 27న మూసేశాడు. ఆఖరి రోజుల్లో వాయించడానికి పిలిచింది వీళ్ళనే. అంతకు ముందు రోజు రాత్రి షోలో నిజంగానే తెల్లారేదాకా వాయించారు. అక్టోబర్ 25న ఆల్బమ్‌కి గోల్డ్ వచ్చింది. నాలుగు రోజులకి, 29న, మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో డ్యువేన్ చనిపోయాడు. వయసు 24. ఏడాది తర్వాత 1972 నవంబర్‌లో అదే ఊళ్ళో, మళ్ళీ బైక్ మీదే, బెర్రీ ఓక్లీ. అతనికీ 24. ఆరుగురిలో ఇప్పుడు మిగిలింది జేమో ఒక్కడే.

కొత్తగా వినేవాళ్ళకి, 'విప్పింగ్ పోస్ట్'తో మొదలుపెట్టకండి, బెదిరిపోతారు. నాలుగు నిమిషాల 'స్టేట్స్‌బొరో బ్లూస్' పెట్టండి. అందులో సాగే గిటార్ చప్పుడుంది చూశారా, డ్యువేన్ జలుబు మాత్రల గాజు సీసాని వేలికి తొడుక్కుని, తీగల మీద జారిస్తే వచ్చింది అది. అది నచ్చితే 'ఎలిజబెత్ రీడ్'. ఆ తర్వాత 'యూ డోంట్ లవ్ మీ'. ఆ అరుపు ఏ నిమిషంలో ఉందో నేను చెప్పను, దొరికితే కామెంట్‌లో టైమ్ పెట్టండి. పై ఎపిసోడ్‌లో కలుద్దాం.