ఫెనిటాయిన్

ఫెనిటాయిన్ మూర్ఛవ్యాధి (ఫిట్స్) చికిత్సలో వాడే ఒక ఔషధము. భారతదేశంలో ఇది ఎప్టాయిన్ వంటి వ్యాపార నామాలతో లభిస్తుంది. మాత్రలు, సిరప్పు, ఇంజెక్షన్ రూపాలలో దొరుకుతుంది. ఇది భారత ప్రభుత్వ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నది. చవకైన మందే అయినప్పటికీ, మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. అందువలన దీనిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను.

చరిత్ర

దీనిని 1908లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హైన్రిచ్ బిల్ట్జ్ తయారుచేశాడు. మూర్ఛను అరికట్టే గుణం దీనికి ఉన్నదని 1938లో అమెరికా వైద్యులు హ్యూస్టన్ మెరిట్, ట్రేసీ పుట్నమ్ కనుగొన్నారు. అంతకు ముందు వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్ కంటే దీనివలన మత్తు తక్కువ.

పనిచేయు విధానం

నాడీకణాలలోని సోడియం మార్గాలను అదుపు చేసి, మెదడులో విద్యుత్ సంకేతాలు అతిగా వ్యాపించకుండా ఆపుతుంది. పిల్లలలో క్షణకాలం స్పృహ తప్పి శూన్యంలోకి చూసే రకం మూర్ఛకు ఇది పనికిరాదు. దానిని ఎక్కువ చేయవచ్చు కూడా.

రక్తపరీక్ష

పెద్దవారిలో రక్తద్రవంలో ఈ మందు సాధారణంగా మిల్లీలీటరుకు 10 నుండి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండవలెను. 20 దాటితే కనుగ్రుడ్లు అదరడం, 30 దాటితే నడకలో తూలడం, 40 దాటితే మగత, మాట తడబాటు సాధారణంగా కనిపిస్తాయి.

కాలేయం ఈ మందును ఒక పరిమితి వరకే విచ్ఛిన్నం చేయగలదు. ఆ పరిమితి దాటిన తరువాత మోతాదు కొద్దిగా పెంచినా రక్తంలో మందు చాలా పెరుగుతుంది. ఉదాహరణకు రోజుకు 300 మి.గ్రా. వాడేవారికి 400 మి.గ్రా. ఇస్తే కొందరిలో అది రెట్టింపు కంటే ఎక్కువ కావచ్చు. కాబట్టి ఒక మాత్ర మరచిపోయినవారు మరుసటి పూట రెండు కలిపి వేసుకొనరాదు. పరీక్షకు రక్తాన్ని తరువాతి మోతాదు వేసుకొనే ముందు తీస్తారు. మందులో ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే ప్రోటీనుకు అంటుకొని ఉంటుంది. పోషకాహార లోపం, కాలేయ వ్యాధి, మూత్రపిండ వ్యాధి ఉన్నవారిలో పరీక్ష అంకె మామూలుగా కనిపించినా, పనిచేసే మందు ఎక్కువగా ఉండవచ్చు.

దుష్ఫలితాలు

దీర్ఘకాలం వాడితే చిగుళ్ళు వాయడం, అవాంఛిత రోమాలు, విటమిన్ డి లోపించి ఎముకలు బలహీనపడడం, ఫోలిక్ ఆమ్లం తగ్గడం జరుగవచ్చు. మొదటి రెండు నెలలలో జ్వరంతో పాటు దద్దుర్లు, నోటిలో పుండ్లు వస్తే అది ప్రాణాపాయానికి దారితీయవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

ఇతర మందులతో కలయిక

క్షయ మందులలో ఐసోనియాజిడ్ దీని పరిమాణాన్ని పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. గర్భంలోని శిశువుకు ఈ మందు వలన హాని కలిగే అవకాశం ఉన్నది. అయినా గర్భిణులు సొంతంగా మానరాదు. గర్భధారణకు ముందే వైద్యుని కలవడం మంచిది.

జాగ్రత్తలు

మందును హఠాత్తుగా మానితే ఫిట్స్ ఒకదాని వెంట మరొకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ప్రత్తి, మిరప పండించే గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో పురుగుమందు చల్లిన తరువాత ఫిట్స్ వస్తే ఆ సంగతిని వైద్యునికి తప్పక చెప్పవలెను. కొన్ని పురుగుమందుల విషప్రభావం వలన కూడా ఫిట్స్ వస్తాయి. అప్పుడు చికిత్స వేరు. ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళాలు పెట్టడం వలన ప్రయోజనం లేదు. ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టి, నోటిలో ఏమీ పెట్టకుండా, 5 నిమిషాలు దాటితే 108కి ఫోను చేయవలెను.

వైద్య సదుపాయాలు, పర్యవేక్షణ

మంగళగిరిలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్)లో 2018లో తరగతులు, 2019లో ఓపీ సేవలు మొదలైనాయి. 2024 ఫిబ్రవరి 25న దీనిని జాతికి అంకితం చేశారు. సమీపంలో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాడీవైద్య విభాగం కలదు. ఔషధాల దుష్ఫలితాలను నమోదు చేయడానికి భారత ప్రభుత్వం 2010లో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. వైద్యులే కాక రోగులు కూడా 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోను చేసి దుష్ఫలితాలను తెలుపవచ్చును.