గుంపును చూసి నవ్వేముందు

సింక్లెయిర్ లూయిస్ 1927లో రాసిన నవలను రిచర్డ్ బ్రూక్స్ 1960లో ‘ఎల్మర్ గాంట్రీ’ చిత్రంగా తీశాడు. తాగి బూతుకథలు చెబుతూ సరుకులమ్ముకునే గాంట్రీ, సువార్త గుడారమెక్కి దేవుణ్ణి అమ్మడం మొదలెడతాడు. బర్ట్ లాంకాస్టర్ నటనకు ఆస్కార్ వచ్చింది, రావలసిందే. కాని నన్ను పట్టుకున్న ఘట్టం వేరు. జెనిత్ పట్టణంలో పాస్టర్లూ వ్యాపారులూ కూచుని, గుడారం సభలు గిట్టుబాటవుతాయా అని లెక్కలు వేస్తారు. కపటం ఒక్క బోధకుడి గుణం కాదు, దాని వెనక డబ్బు వుందని దర్శకుడు గ్రహించాడు.

అయితే గుడారంలోని జనం అతనికి వట్టి గుంపు. ఏడుస్తుంది, పాడుతుంది, చివరికి మంటల్లో ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగెడుతుంది. ఏ కష్టం వాళ్లను అక్కడికి తెచ్చిందో చిత్రం దాదాపు అడగదు. నాది అనుమసముద్రంపేట. ఖాజా నాయబ్ రసూల్ దర్గా ముందు, మతి చలించిన బిడ్డల్ని పట్టుకు కూచున్న హిందూ, ముస్లిం తల్లుల్ని చూస్తూ పెరిగాను. మహిమలను నేను నమ్మను. ఆ తల్లుల్ని చూసి నవ్వనూ లేను.

అడగని ఆ ప్రశ్నకు మా జిల్లా చరిత్రలో జవాబుంది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరు వచ్చారు. పాతికేళ్లపాటు వాళ్ల మాట విన్నవాళ్లు బహుకొద్దిమంది. 1866లో కనిగిరి వైపు తాళ్లకొండపాడు మాదిగ, యర్రగుంట్ల పేరయ్య, బాప్తిస్మం తీసుకుని ఊరూరా చెప్పడం మొదలెట్టాక కథ మారింది. అప్పటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలులో జాన్ క్లౌ మిషను పెట్టాడు. మాదిగల్ని చేర్చుకోవద్దన్న పైకులాలవాళ్లు దూరమైనా లెక్కచెయ్యలేదు. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరవాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు.

కరువులోనూ ధాన్యం ఎగుమతి ఆపని ప్రభుత్వమే ఆ కాలువా తవ్వించింది. అది మరిచి క్లౌను దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. కాని “కూటికోసం మతం మారారు” అనే మాట భూస్వామి నోట పుట్టిన మాట. మన మిత్రులు కొందరు దాన్నే శాస్త్రీయ దృష్టి అనుకుని వల్లిస్తున్నారు. కూటికే అనుకుందాం, తరతరాలుగా వాళ్ల చాకిరీ తిని, ఊరిబావి దగ్గరకు రానివ్వని ధర్మాన్ని ఏమనాలి?

ఇంకొకటి. పేరయ్య క్రైస్తవుడు కాకముందే రాజయోగం చెప్పే గురువుల వెంట తిరిగాడు. బాప్తిస్మం తీసుకున్నది కరువుకు పదేళ్ల ముందు. అప్పుడు కాలువా లేదు, కూలీ లేదు.