చుక్క పొడవని ఉపవాసం

2013 నవంబరు 11, సోమవారం. పోలండ్ రాజధాని వార్సా. విస్తులా నది ఒడ్డున ఉన్న ఫుట్‌బాల్ స్టేడియంలో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు మొదలైంది. వెనక వరుసలో కూర్చోండి. హెడ్‌ఫోన్ తగిలించుకోండి. ముందున్న బల్లల మీద దేశాల పేర్లు, నీళ్ల సీసాలు, కాగితాల దొంతరలు.

మైకు ఫిలిప్పీన్స్ ప్రతినిధి దగ్గరికి వచ్చింది. పేరు యెబ్ సాన్యో. నిరుడు దోహా సదస్సులోనూ ఈయన గొంతు ఇలాగే పూడుకుపోయింది. అప్పుడు బోఫా తుపాను, ఇప్పుడు హైయాన్. గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటిన గాలితో అది విరుచుకుపడి మూడు రోజులైంది. టాక్లోబాన్ నగరం నీళ్లపాలైంది. అది సాన్యో కుటుంబం ఊరు. తోడబుట్టినవాడు బతికి బయటపడ్డాడు. ఆ శిథిలాల మధ్య తన చేతులతో శవాలు మోస్తున్నాడు, మూడు రోజులుగా తిండి లేదు.

చదువుతున్న కాగితం దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత మాట మెల్లగా వచ్చింది. తిండి కోసం వెతుక్కుంటున్న తనవాళ్లకు తోడుగా, ఈ సదస్సులో పనికొచ్చే ఫలితమేదో కనబడేదాకా తాను అన్నం ముట్టడు. కళ్లు తుడుచుకుంటున్నాడు. కుర్చీలు జరిగిన చప్పుడు. హాలు హాలంతా లేచి నిలబడింది. మీరూ లేచారు.

ఇక్కడ మధ్యాహ్నమయ్యేసరికి మన ఊళ్లలో పొద్దు వాలుతుంది. ఆ రోజు కార్తీక సోమవారం. పొద్దుటి నుంచి పస్తున్న అమ్మలు దీపం వెలిగించుకుని, పెరట్లో నిలబడి ఆకాశం వంక చూస్తుంటారు. చుక్క కనబడగానే లోపలికి వచ్చి, బోర్లించిన కంచం తిరగేసి కూర్చుంటారు. సాన్యో ఉపవాసానికి అలాంటి చుక్క లేదు. ఎప్పుడు తినాలో చెప్పాల్సింది ఎదురుగా కూర్చున్న నూట తొంభై దేశాలు.

తప్పు చేసినవాడు పస్తుండి ప్రాయశ్చిత్తం చేసుకోవడం మనకు తెలుసు. ఇక్కడ తప్పు ఒకరిది, పస్తు మరొకరిది. నూట యాభై ఏళ్లుగా బొగ్గూ చమురూ కాల్చి సంపన్నమైన దేశాలు వేరు. వేడెక్కిన సముద్రం మీద పుట్టే తుపానుకు ఎదురుగా నిలబడే పల్లెకారులు వేరు. వాతావరణ న్యాయం అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే.

టాక్లోబాన్‌లో ఇంకో దారుణం జరిగింది. ‘స్టార్మ్ సర్జ్’ వస్తుందని హెచ్చరిక చేశారు. చాలామందికి ఆ మాట అర్థం కాలేదు. సునామీ అని చెప్పి ఉంటే పరుగెత్తేవాళ్లమని తర్వాత వాపోయారు. మనకు దానికి పేరుంది. ఉప్పెన. 1977లో కార్తీకంలోనే, నవంబరు 19న, తాటిచెట్టంత ఎత్తున వచ్చిందని దివిసీమ వాళ్లు చెబుతారు. అక్కడి వేల చావులు తెలిసినవాళ్లకు టాక్లోబాన్ పరాయి ఊరు కాదు.

రోజులు గడుస్తున్నాయి. 15న జపాన్ తన ఉద్గారాల లక్ష్యాన్ని తగ్గించుకుంది. 18న ఇదే నగరంలో బొగ్గు కంపెనీల శిఖరాగ్ర సమావేశం మొదలైంది. 20న తెల్లవారకముందే, నష్టపరిహారం చర్చల నుంచి పేద దేశాలు లేచి వెళ్లిపోయాయి. అన్నం ముట్టని ఆ మనిషి మాత్రం రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. ఆయనతో పాటు పస్తులుంటున్నవాళ్లు వందల్లో ఉన్నారు.

23వ తేదీ. నిన్ననే ముగియాల్సిన సదస్సు ఇవాళ్టికి వచ్చింది. తుపాన్లూ కరవులూ తెచ్చే నష్టాల కోసం ‘వార్సా అంతర్జాతీయ యంత్రాంగం’ ఏర్పాటైంది. పేరు వచ్చింది, డబ్బు రాలేదు. నిధి పెట్టడానికి ఒప్పుకోవడానికే 2022 దాకా పట్టింది. హైయాన్ మృతుల లెక్క చివరికి ఆరు వేలు దాటింది.

ఆకలి మాత్రం వార్సాలో ఆగలేదు. 2014లో నెలనెలా ఒకటో తేదీన ఎక్కడెక్కడి చర్చిల వాళ్లో వాతావరణం కోసం పస్తున్నారు. 2015 ఫిబ్రవరి 18, విభూది బుధవారం నాడు కాథలిక్కుల తపస్సుకాలం మొదలైంది. ఈసారి వంతులు వేసుకున్నారు, రోజుకో దేశం. నుదుట బూడిద గీత, ఖాళీ కడుపు. ఇవాళ ఒక దేశం తింటుంది, రేపటి దేశం కంచం బోర్లిస్తుంది.